కుందేలు ఏడాది పిల్ల

మార్చి 3, 1991

మా ఆయన హువాట్ దరఖాస్తు మళ్ళీ తిరిగొచ్చింది. ఇది నాలుగోసారి. మా గెరిల్లా దళం ఆయుధాలు దించి, థాయ్‌లాండ్ సరిహద్దులో ఈ ఊరు కట్టుకుని ఏడాది దాటింది. మామూలు వాళ్ళందరికీ మలేసియాలోకి పర్మిట్లు ఇచ్చారు, నాకూ ఇచ్చారు. ఆయన కమాండర్ కాబట్టి కుదరదట. ఈ ముసలాడంటే ఇంకా భయమే చూడు వాళ్ళకి అని నవ్వాడు. తర్వాత రబ్బరు తోటకు వెళ్ళకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మార్చి 9

మలేసియాలోని ఈపో నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సూ యిన్. నూడుల్స్ కొట్టు నడుపుతుంది. నిన్ను అడవిలో వాళ్ళు ఇచ్చారే అని పెంచిన తల్లి పోయేముందు చెప్పిందట. బిడ్డతో పాటు పుట్టినరోజు రాసిన ఎర్ర కాగితం ఉండేదట. అది వరదలో పోయింది. మా చైనీయుల లెక్కలో కుందేలు ఏడాది, కొత్త సంవత్సరం రెండో రోజు. ఆ మాటొక్కటే మిగిలింది.

ఆయన నోట్‌బుక్ తీశాడు. అడవిలో పుట్టిన బిడ్డను నెల తిరక్కుండా బయటికి పంపేయాలన్న ఆర్డరు ఆయనదే. ఏడుపు వినబడితే క్యాంపంతా పోతుంది. బిడ్డలు పుట్టిన తేదీలు మాత్రం రాసుకున్నాడు. వేలు పెట్టి వెతికి, ఆ రోజు మా క్యాంపులో ఎవరూ పుట్టలేదమ్మా, అయినా కాగితం పెట్టడం నిషేధం, మావాళ్ళు పెట్టరు అన్నాడు. మెల్లగానే అన్నాడు.

నేను టీ కలుపుతూ ఉండిపోయాను.

మార్చి 9, సాయంత్రం

పెట్టాను. నేనే పెట్టాను.

మా బిడ్డ పుట్టేనాటికి పులి ఏడాది ముగిసి కుందేలు ఏడాది రావడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. పులి ఏడాది ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందంటారు. ఎవరు పెంచుకుంటారు? కుందేలు ఏడాది వాళ్ళు నెమ్మదస్తులని పేరు. అందుకని అలా రాసి గుడ్డ మడతలో దోపాను. మొదటి రోజంటే నమ్మరని రెండో రోజు అన్నాను. బిడ్డను తీసుకెళ్ళినవాడు ఎవరికి అందించాడో తెలియదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకూడదు. అదీ ఈయన పద్ధతే.

మార్చి 10

చెప్పేశాను. కాగితం ఎవరికైనా దొరికుంటే మన గతేంటి అన్నాడు. దొరకలేదుగా అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు నా పక్కనే పడుకుని ఎలా దాచావు అన్నాడు. తర్వాత చొక్కా తిరగేసి వేసుకుని సూ యిన్ దిగిన గెస్ట్‌హౌస్‌కి పరుగెత్తాడు. నేను వెనకాలే.

అప్పటికే పక్కింటి గెయెక్ చూ అక్కడుంది. సూ యిన్ చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. తనదీ పులి ఏడాది పిల్లే. తనూ కాగితం పెట్టిందట, రెండో రోజనే రాసిందట. ఎందుకని అడిగితే, మొదటి రోజంటే ఎవరు నమ్ముతారు వదినా అంది.

మధ్యాహ్నానికి మా దళంలో ఉండిన మోయి కూడా వచ్చింది. అదే కథ.

పిల్లల గురించి మాట్లాడుకోకూడదన్న ఆర్డరు మేం ముగ్గురం బాగా పాటించాం.

మార్చి 11

ముగ్గురం ముఖాలు చూసుకోవడం లేదు.

మార్చి 12

సూ యిన్ వెళ్ళిపోయింది. మే నెలలో పెళ్ళట. పెళ్ళికూతురు అమ్మానాన్నలకు టీ ఇవ్వాలి కదా, ఎవరికివ్వను అని ఈయన్ని అడిగింది. ముప్పై ఏళ్ళు అన్నింటికీ జవాబు చెప్పిన మనిషి నోట్‌బుక్ పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. నాకు జాలి వేయలేదు. రాత్రికి వేసింది.

ఏప్రిల్ 27

దరఖాస్తు. ఐదోసారి. కూతురి పెళ్ళి అని కారణం రాశాడు. ఏ కూతురు, రుజువేది అని అడిగారు.

మే 19

ఆయన సరిహద్దు గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. మేం ముగ్గురం పెళ్ళికి వెళ్ళాం. సూ యిన్ ఒకే కప్పు పోసింది. వంతులవారీగా తాగాం. నా వంతు వచ్చేసరికి చల్లారింది.

కప్పు ఇస్తూ తల ఎత్తింది. ఆ ముఖం చాలాసేపు చూశాను. ఏమీ తెలియలేదు.