తరవాణి మాట ఎత్తకు

హైదరాబాదు,
బుధవారం మధ్యాహ్నం.

అక్కకి,

నీ తమ్ముడు సూరి నమస్కారాలు. నేను బాగున్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఫోను ఉండగా కవరు వచ్చిందంటే నువ్వు విప్పకుండానే గుండె పట్టుకుని అరుగు మీద కూలబడతావు. జ్వరం లేదు, దెబ్బలు తగల్లేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. నువ్వు, బావ, పిల్లలు కులాసాయే అనుకుంటాను. బావ నడుం నొప్పి ఎలా ఉంది? ఈ వానల్లో సాలూరు నుంచి రాయపూర్ ట్రిప్పులు తగ్గించమని నా మాటగా చెప్పు. ఆ ఘాట్ రోడ్డునీ నమ్మడానికి లేదు, ఆ లారీ ఓనరునీ నమ్మడానికి లేదు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఈ ఫోను మా ఓనరు కార్తీక్ బాబు ఇచ్చింది. మొన్న గదిలో ఒక్కడినే కూచుని చెప్పు తెగిపోయిందని పైకి అనుకున్నాను. సాయంత్రానికల్లా దాంట్లో చెప్పుల బొమ్మలు వచ్చాయి. నవ్వకు. అప్పటినుంచి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తున్నాను. ఇప్పుడు రాయబోయేది దాని చెవిన పడకూడని సంగతి. చదివాక ఈ కాగితం పొయ్యిలో పెట్టు.

నేనిక్కడ పెద్ద హోటల్లో వంట చేస్తున్నానని బొబ్బిలి అంతా చెబుతున్నావట. సగమే నిజం. పొద్దున్న రెండు పచ్చళ్ళు నూరుతాను, ఒక పులుసు పెడతాను, అంతే. అసలు పని మధ్యాహ్నం మొదలవుతుంది. కార్తీక్ బాబు నన్ను కారులో ఎక్కించుకుని వేరేవాళ్ళ హోటళ్ళకి తీసుకెళ్ళి తినిపిస్తాడు. నేను తిని, అందులో ఏమేం పడ్డాయో చెప్పాలి. నాకు దీనికోసమే జీతం. మొదటి నెల నేనూ నమ్మలేదు.

విజయనగరంలో షావుకారు గారింటి పెళ్ళి గుర్తుంది కదా, నేను పనసపొట్టు ఆవ కూర చేసిన పెళ్ళి. విశాఖపట్నం కేటరింగ్ వాళ్ళు పక్కన చైనా కౌంటరు పెట్టారు. నేను వాళ్ళ ఎర్ర పులుసు వేలితో నాకి, ఇందులో బెల్లం ఇంత, వెల్లుల్లి ఇంత, నూనె మాత్రం నిన్నటిది అన్నాను. అప్పుడు మగపెళ్ళివారి తరఫున వచ్చిన ఈ బాబు వెనకే నిలబడి ఉన్నాడు. వారం తిరగకుండా ఫోను చేశాడు. నాన్న పోయాక పెళ్ళిళ్ళన్నీ కేటరింగ్ వాళ్ళకి పోతున్నాయి కదా, బయల్దేరి వచ్చేశాను.

ఇక్కడి హోటళ్ళ సంగతి చెబితే నువ్వు నమ్మవు. కెఫే అంటారు, లోపల దీపాలు సగమే వెలుగుతాయి. వెలుగు తగ్గించి వడ్డించేవాడు విస్తట్లో ఏదో దాస్తున్నాడని నాన్న అనేవాడు కదా, నాకు అదే గుర్తొస్తుంది. పళ్ళెం మన చాటంత, అందులో తిండి మూడు వేళ్ళకి సరిపడా. రొట్టె చూస్తే బొగ్గు, కావాలనే నల్లగా చేశారట. ఇడ్లీని ముక్కలు కోసి చైనా పులుసులో వేయించి దానికో ఇంగ్లీషు పేరు పెట్టారు. ఒకచోట చల్లటి టీ అడుగున సగ్గుబియ్యం ఉన్నాయి. ఎవరో పాయసం గ్లాసు కడక్కుండా టీ పోసేశారని నేను వెనక్కి పంపించాను. కార్తీక్ బాబు తల పట్టుకున్నాడు. అది అలాగే తాగాలట, దానికే అంతమంది వరసలో నిలబడతారట. తినేముందు అందరూ ఫోటో తీస్తారు. నాకూ అదే మంచిదనిపించింది, రేపు కడుపులో ఏదైనా తేడా వస్తే ఏం తిన్నామో చూపించొచ్చు.

ఒకచోట పచ్చి చేప పెట్టారు. కాల్చలేదు, ఉడకబెట్టలేదు. పక్కనే చిన్న ఆకుపచ్చ ముద్ద. దాన్ని నాలిక్కి రాసుకోగానే ముక్కులోంచి బుర్రకెక్కింది. పక్క బల్లవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు, నేను మాత్రం ఇది ఆవ నూరిన వరసే కదా అన్నాను. కార్తీక్ బాబు కళ్ళు మెరిశాయి. అప్పుడే నాకు అనుమానం గట్టిపడింది. ఇంత తిండి, ఇంత మర్యాద, ఇంటికి కారు. ఊరకే రారు మహానుభావులు అంటారు, ఊరకే పెట్టరు కూడా. పెద్ద హోటళ్ళలో నేను చెప్పిన రుచులు నెల తిరిగేసరికి మా హోటలు మెనూ కార్డు మీద వేరే పేర్లతో కనిపించేవి. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళ దగ్గర ఎత్తుకుంటున్నారు, మనకెందుకులే అని ఊరుకున్నాను. అది నా తప్పే.

మూడు వారాల కిందట బాబు నన్ను ఒక్కడినే ఒక చోటికి పంపాడు. సందులో చిన్న హోటలు, మొత్తం ఆరు బల్లలు. జపాన్ నూడుల్స్ అని బోర్డు. ఇరవై ఏళ్ళు దాటిన అమ్మాయి వడ్డిస్తుంది, వాళ్ళమ్మ లోపల వండుతుంది. జనం ఆ నూడుల్స్ కోసం కాదు, అవి మునిగి ఉన్న చారు కోసం వస్తున్నారట. ఆ పులుపు ఏమిటో బాబు తెప్పించుకున్న విదేశీ వంటవాళ్ళు ఇద్దరూ చెప్పలేకపోయారు. అది కనుక్కుంటే మా హోటలు కొత్త బ్రాంచికి అదే ముఖ్యమైన వంట, దానికి నేనే పెద్ద. అలా అన్నాడు.

మొదటిరోజు నాకూ అందలేదు. ఎండురొయ్యలు తెలిశాయి, ఆవ రవ్వంత తెలిసింది. పులుపు మాత్రం చింతపండు కాదు, నిమ్మ కాదు, సీసాల్లో వచ్చేది కాదు. రెండోరోజు నూడుల్స్ వద్దని ఉత్త చారే పెట్టించుకున్నాను. నాలుగు చెంచాలు తాగాను. తాగి, ఏమీ ఆలోచించకుండా ఆ అమ్మాయిని పిలిచి ఒక మాట అడిగాను. అదే నన్ను పట్టిచ్చింది.

"ఒక ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ ఉంటే ఇవ్వమ్మా."

అడిగాక నాకే తెలిసింది, అక్కా. జపాన్ చారులోకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఎవడు అడుగుతాడు? నా బుర్ర కన్నా ముందు నాలుక ఊరు వెళ్ళిపోయింది. అది తరవాణి. అమ్మ గంజీ, బియ్యం కడుగూ పోసి వంటింటి మూల పులియబెట్టే కుండలోది. ఎంత తీస్తే అంత మళ్ళీ పోసి, ఎప్పుడూ అడుగు కనిపించనివ్వని కుండ. చద్దన్నంలో పోసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ మనిద్దరం బడికి వెళ్ళేవాళ్ళం. హైదరాబాదులో ఏసీ కింద, పుల్లలతో తినే హోటల్లో అది ఎదురవుతుందని ఎవరనుకుంటారు? నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవ మీదికి నెట్టేద్దామనుకున్నాను గానీ అందులో అంత ఆవ లేదు.

లోపలినుంచి వాళ్ళమ్మ వచ్చింది. ఉల్లిపాయ తేలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా కూచుంది.

"ఏ ఊరు బాబూ మీది?"

బొబ్బిలి అన్నాను. ఆవిడ తల ఆడించింది.

"అనుకున్నాను. ఈ ఊరోళ్ళు ఎవులూ దీన్లోకి ఉల్లిపాయ అడగరు. నిన్న కూడా వొచ్చినావు, నూడుల్స్ వొదిలీసి సారే సప్పరించినావు. ఎవులు పంపినారు నిన్ను?"

తేలు కుట్టిన దొంగలా కూచున్నాను. ఆవిడ పేరు పోలమ్మ, ఊరు మన వైపే, భావనపాడు. ఇక్కడ ఎవరింట్లోనో ఏళ్ళ తరబడి వంట చేసింది. కూతురు హోటలు చదువు చదివాక ఇద్దరూ కలిసి ఇది పెట్టారు. పేర్లు, పళ్ళేలు కూతురివి, చారు తల్లిది. ఆ తరవాణి పోలమ్మ గారి అమ్మ కుండలోదట. ఊరి నుంచి గిన్నెడు తీసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, తొణక్కుండా తెచ్చుకుందట. నేను ఎవరి మనిషినో నేను చెప్పకుండానే ఆవిడకి అర్థమైపోయింది. పెద్ద హోటలు వాళ్ళు ఇదే పెడితే ఈ సందులోకి ఎవరూ రారు అంది. బతిమాలలేదు అక్కా, బతిమాలి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"నీ నాలిక్కి తెలిసిపోనాది. అది నీ తప్పు కాదు. నోటికి కూడా తెలియాలా, వొద్దా అన్నది నువ్వే సూసుకో."

అప్పుడు లేచి వెళ్ళి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తెచ్చి పెట్టింది. తినలేక తిన్నాను.

నాన్న మాట నీకు తెలుసు. రుచి దగ్గర అబద్ధమాడిన వంటవాడి చేతిలో ఉప్పు నిలవదు అనేవాడు. పెళ్ళివారి ఎదురుగానే, ఈ పూట సాంబారు చెడిపోయింది బాబూ, అని ఒప్పుకున్న మనిషి. నేనూ ఇన్నేళ్ళలో ఉన్నది లేదనలేదు, తెలిసింది తెలియదనలేదు. మర్నాడు కార్తీక్ బాబు అడిగితే తెలియదన్నాను. విదేశీ సీసా ఏదో అయి ఉంటుందన్నాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. అబద్ధం అలవాటు లేనివాణ్ణి కదా, "మా వైపుదయితే మాత్రం కాదండీ" అని ఒక మాట కలిపాను. ఎవరు అడిగారు మన వైపుదా అని? గుమ్మడికాయల దొంగంటే నేనే భుజాలు తడుముకున్నాను.

బాబు కోప్పడలేదు. "మీకు తెలియని రుచి కూడా ఉంటుందా సూరిగారూ?" అని నవ్వాడు. ఆ రోజు నుంచి కారు లేదు, బయటి తిండి లేదు. పచ్చళ్ళు నూరుకుంటున్నాను. నిన్న నా గట్టు దగ్గరికి వచ్చి, మీ అక్కగారు మీకన్నా బాగా వండుతారట కదా, ఊళ్ళో ఏమేం పులియబెడతారో ఒకసారి ఫోనులో మాట్లాడాలని ఉంది అన్నాడు. నీ సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. నంబరు కూడా ఇవ్వలేదు. కానీ ఫోను ఆయన ఇచ్చిందే.

అందుకే ఈ ఉత్తరం. కోపం తెచ్చుకోకు, నీ నోట్లో నువ్వుగింజ నానదు. పార్వతీపురం బస్సులో పక్కన కూచున్న మనిషికి, దిగేలోపు, మన ఇంటి ఆవ పాళ్ళన్నీ చెప్పేసిన దానివి. ఫోను చేసే మనిషి గొంతు చాలా తీయగా ఉంటుంది. అక్కగారూ అంటాడు, నీ వంట మెచ్చుకుంటాడు, అమ్మ గురించి అడుగుతాడు. నువ్వు కరిగిపోతావు. చింతపండు అని చెప్పు, మామిడికాయ అని చెప్పు, ఏమైనా చెప్పు. తరవాణి మాట మాత్రం ఎత్తకు. ఇంటిగుట్టు లంకకి చేటు. ఇక్కడ లంక మనది కాదు, భావనపాడు ఆవిడది.

ఇంకొక సంగతి. అబద్ధమాడిన మర్నాడు నేను పెట్టిన పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. నాన్న మాట తగిలిందని భయపడ్డాను. ఆదివారం మధ్యాహ్నం సెలవు, వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని రెండు ఆటోలు మారి, పోలమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. చారు తాగి, ఉప్పు రవ్వంత తగ్గిందమ్మా అన్నాను. ఆవిడ చెంచాతో తీసి తను రుచి చూసింది. "తగ్గినాది," అని లోపలికెళ్ళి కలిపింది. నాకు ఎంత తెరిపి కలిగిందో చెప్పలేను. నాలుక బాగానే ఉంది అక్కా. అబద్ధం ఆడింది నోరొక్కటే. తప్పయితే నన్ను తిట్టు, కానీ ఉత్తరంలో తిట్టు, ఫోనులో కాదు.

ఈ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియదు. పంపేస్తే వచ్చేస్తాను, నాకు బెంగ లేదు, నువ్వూ పెట్టుకోకు. వేళకి తింటున్నాను, ఒంట్లో బాగుంది, మళ్ళీ చెబుతున్నాను, బాగుంది. వీలైతే బావ లోడు ఇటు వచ్చినప్పుడు ఒక సేరు ఆవాలు పంపు. ఇక్కడివి ఘాటు లేవు, వాటిలో ఏం కలుపుతున్నారో. బావకి, వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఉంటాను.

నీ తమ్ముడు,
సూరి

మరిచాను. ఫ్రిజ్ కొన్నాక అమ్మ కుండ ఏం చేశావో ఈ ఏడాది అంతా నిన్ను అడగలేదు. అడగాలంటే భయం వేసింది. ఇంకా ఉంటే, నీ జవాబులో ఆవు పాలిస్తోందని రాయి, నాకు అర్థమవుతుంది. మనకి ఆవు ఎక్కడిదిరా అని ఫోను చేసి అడగకు. పారబోసి ఉంటే ఏమీ రాయకు, నేనేమీ అనను. పోలమ్మ గారు గిన్నెడు ఇస్తానంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెస్తాను.