వెనక గది గోడకు పట్టిన చెమ్మ

నీటి సరఫరా ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరై, ప్రస్తుతం డెబ్బై ఒకటో ఏట ఉన్న నేను, నిండు తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. ఎదురింటి డాక్టరమ్మ పొద్దున్నే పరీక్షించి, "మీ మతికేం ఢోకా లేదండీ, మోకాళ్లకే నేను హామీ ఇవ్వలేను" అన్నారు. ఆ మాటా రికార్డులో ఉండనివ్వండి. ఇంతకుముందు రాసినవి ఏవైనా బయటపడితే అవి చెల్లవు.

నాది చెవితో చేసే ఉద్యోగం. ఇనప కడ్డీ ఒక కొసను రోడ్డుకు, రెండో కొసను చెవికి ఆనించి, నేల కింద పైపు ఎక్కడ కారుతోందో చెప్పాలి. అందుకే ఊరంతా నన్ను ఇనపచెవి అంటారు. చాటుగా అంటున్నామనుకుంటారు గానీ నాకు వినపడుతూనే ఉంటుంది.

1. సదరు ఇనప కడ్డీని, నాతో ఇరవై ఏళ్లు వీధి వాల్వులు తిప్పిన తమ్ముడికి ఇస్తున్నాను. తోడబుట్టినవాడు కాడు, అంతకంటే ఎక్కువ. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే. ఒళ్లు బద్ధకమే గానీ చెప్పిన పని ఎగ్గొట్టడు.

2. కడ్డీ పట్టుకుని తిరుగుతూ ఈ ఊళ్లో నేను కనిపెట్టిన చోట్లు పదకొండు. బస్సు డిపో మెట్ల కింద అరచేయి మందాన నాచు. పాత రైలు వంతెన మూడో కమానులో గుడ్లగూబల కాపురం. అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోవే, ఎవరూ తల తిప్పి చూడనివే. దారులు రాసిన నోటుపుస్తకం నా చెల్లెలి కూతురికి. వాళ్లమ్మకు తెలియకుండా ప్రతి గురువారం వచ్చి, "పెద్దమ్మా, వానలో నువ్వెళ్లకు, నే చూసొస్తాలే" అనే పిల్ల అది. షరతు ఒకటే: ఫోటోలు తీసి నలుగురికీ పంపరాదు.

3. "పనివేళల్లో పిట్టలను చూస్తూ నిలబడుతుంది" అని నా ఫైల్లో రాసిన పెద్ద గుమాస్తాకు, ఆయన గది కిటికీ. ఇరవై ఆరేళ్లుగా దానికి అడ్డంగా బీరువా పెట్టుకున్నారు. వెనకాల కుంట ఉంది, చలికాలంలో బాతులు దిగుతాయి. బీరువా జరపడానికి నలుగురు మనుషులను నా తరఫున పంపవలసినది.

4. ఇక అసలు సంగతి. నా చెల్లెలు దర్జీ. మా వెనక గదిలో కుట్టేది. పదిహేడేళ్ల క్రితం ఆ గది గోడకు చెమ్మ పట్టి, కుట్టి పెట్టిన బట్టలన్నీ మరకలయ్యాయి. "ఊళ్లో లీకులన్నీ వినపడతాయి, నా గోడే వినపడదా నీకు?" అని దులిపేసింది. కడ్డీ పెట్టి విన్నాను. పైపు కారితే సన్నగా బుస కొడుతుంది. ఇది గలగలమంది. తమ్ముడి చేత వీధి వాల్వు మూయించినా ఆ చప్పుడు ఆగలేదు. గోడ దూకి, మూతపడిన ఐసు ఫ్యాక్టరీకీ మా ఇంటికీ మధ్య పొదలు కొట్టి చూస్తే, మంచమంత గుంటలో ఊట! చుట్టూ లేత ఆకులు, గోరంత కప్పలు, ఒక లకుముకి పిట్ట. కాగితాల ప్రకారం ఆ జాగా మా ఇంటిదే.

ఆఫీసుకు తెలిస్తే సిమెంటు పోసి మోటారు బిగిస్తారు. ఇలాంటివి నాలుగు నేనే దగ్గరుండి అలా చేయించాను. చెల్లికి చెబితే దాని నోట్లో ఏదీ దాగదు. అందుకని పైపే కారుతోందని అబద్ధమాడి, గోడకు మూడుసార్లు సిమెంటు పూయించాను. మూడుసార్లూ చెమ్మ వచ్చింది. "నా పనంటే నీకు లెక్క లేదక్కా" అని మిషను ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఈ గడప తొక్కలేదు. తప్పు నాదే. ఏ కొత్త పిట్ట వాలినా ముందు దానికే చెప్పాలనిపించేది, పక్కన ఎవరూ ఉండేవారు కారు.

5. కనుక వెనక గదిని, ఊటను, ఆ జాగాను సర్వహక్కులతో నా చెల్లెలికి రాస్తున్నాను. సిమెంటు పోయరాదు, మోటారు పెట్టరాదు. చెమ్మగోడలో తలుపు పెట్టించాను. గొళ్లెం గది వైపే ఉంది.

6. మిగతా ఇల్లు చెల్లెలి కూతురికి.

ఇంతవరకు రాశాక ఒకటి తట్టింది. దీన్ని నేను పోయాక గానీ తెరవరు. అప్పుడు చెల్లి ఆ తలుపు తీసి ఎవరిని తిడుతుంది? అందుకని నాలుగు, ఐదు అంశాలకూ ఈ చివరి మాటలకూ నకలు తీసి ఇవాళే తమ్ముడి చేత పంపుతున్నాను. ఎండలు ముదరకముందే ఊటలో పూడిక తీయాలి, నా మోకాళ్లు వంగవు. చెల్లీ, వచ్చి తిట్టు. ఊట ఒడ్డున నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసి ఉంచాను.

రెండువేల ఇరవై ఆరు, ఏప్రిల్ పదకొండు, శనివారం.

(సంతకం) ఇనపచెవి

సాక్షులు:
1. ఎదురింటి డాక్టరమ్మ
2. వాల్వులు తిప్పిన తమ్ముడు

అదే రోజు సాయంత్రం రెండో సాక్షి రాసినది: నకలు అందజేశాను. చిన్నక్క రెండుసార్లు చదివింది. తర్వాత, "ఆ స్టూలు ఎత్తెంత? నాక్కూడా మోకాళ్లు వంగట్లేదు" అని అడిగింది. ప్రస్తుతం చెప్పులేసుకుంటోంది.