శత్రువు కావలెను

సర్రీ, మార్చి 3

ఐవీ అమ్మమ్మకు కార్విన్ బోలెడు ముద్దులతో రాసేది.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేంటని హడలిపోకు. నేను డ్రిల్ అనే ర్యాప్ పాటల్లోకి దిగుతున్నాను. ఆ పాటలవాళ్ళు ఫోనులో పని మాట్లాడరట. పదేళ్ళుగా పెళ్ళిళ్ళలో నా ర్యాప్‌కి అత్తగార్లు గెంతింది చాలు. ఇక ముసుగేసుకుని పక్కపేట వాణ్ణి పేరు పెట్టి ఏకిపారేస్తాను. ఒకటే చిక్కు. నాకు శత్రువు లేడు! ఈ పల్లెలో చుట్టూ బాతులు. పక్కింటాయనేమో గుడ్లు తెచ్చిస్తాడు. శత్రువు జవాబు పాట కడితేనే రేడియోలో డ్రిల్ కార్యక్రమానికి పిలుస్తారు. పిలవకపోతే నా ఆల్బమ్ ఆపేస్తామంది కంపెనీ. యాభై ఏళ్ళుగా లండన్‌లో, గొడవలకి పేరుపడ్డ ఆ పెక్కమ్‌లో ఉన్నావు కదా, శత్రువుల సంగతి కాస్త చూడు.

నీ భయంకరమైన మనవడు,
కార్విన్

తా.క. ముసుగేసుకుంటే ముక్కు దురద పెడుతోంది. గోక్కోవచ్చా?

పెక్కమ్, మార్చి 8

ఒరేయ్ కార్వీ, చల్లగా ఉండు.

నా బిడ్డకి శత్రువుల బెడదా! నీ ఉత్తరం పట్టుకెళ్ళి పాస్టరు గారికిచ్చాను. నా కళ్ళనీళ్ళు చూసి ఆయన పూర్తిగా చదవకుండానే మైకులో చెప్పేశారు. మూడొందల మంది లేచి నిలబడి, నీ శత్రువులందరి మనసులూ కరగాలని ప్రార్థించారు. ఇక నీ జోలికెవరూ రారు.

ప్రేమతో,
అమ్మమ్మ

తా.క. గోక్కోకు, దద్దుర్లొస్తాయి. లోపల కుట్టుకోవడానికి నూలుగుడ్డ పంపుతున్నాను.

సర్రీ, మార్చి 10

అమ్మమ్మా, కొంప ముంచావు కదే!

శత్రువు పోవడం కాదు, నాకు శత్రువు కావాలి! చిన్నప్పుడు బడిలో నన్ను రోజూ చితకబాదిన లెరాయ్ ఇంటికి ఆశగా వెళ్ళాను. వాడు నన్ను కావలించుకుని ఏడ్చి, క్షమాపణ చెప్పి, టీ ఇచ్చాడు. ఎవరో ఒకర్ని చూడవే తల్లీ.

నీ గతిలేని,
కార్విన్

తా.క. వాడి పెళ్ళికి నేనే పాడాలట.

పెక్కమ్, మార్చి 12

కార్వీ, అలా విడమరిచి చెప్పొద్దూ మరి!

ఎదురు బ్లాకులో విన్సమ్ ఉందిగా. పక్కా శత్రువు. డామినో పోటీ ఫైనల్లో తొంగి నా ముక్కలు చూసింది. ఇరవైరెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. దాని కేకు నమిలితే దవడలు పడిపోతాయి. చర్చి పాటల బృందంలో నిలబడి నిద్రపోతుంది. తీసుకో, వాడుకో.

నీ పక్షాన,
అమ్మమ్మ

తా.క. దాని తుంటి ఆపరేషన్ జోలికి మాత్రం పోకు. మొన్ననే అయింది, పాపం.

సర్రీ, మార్చి 16

అమ్మమ్మా, పాట జనంలోకి వదిలేశాను!

విన్సమ్‌నీ, దాని కేకునీ, దాని బ్లాకునీ కలిపి ఉతికి ఆరేశాను. శనివారంలోగా అటునుంచి జవాబు రావాలి. రాకపోతే నా పని సరి.

కత్తిలాంటి,
కార్విన్

తా.క. బాతులు బెదిరిపోయాయి. శుభశకునం!

పెక్కమ్, మార్చి 18

నాయనా, కూర్చుని చదువు.

విన్సమ్ మా ఇంటికొచ్చింది. కర్ర పట్టుకుని, ఏడుస్తూ! కొట్టడానికే అనుకుని పెనం తీశాను. "ఎనభై ఏళ్ళలో నా పేరు పాటలో పెట్టినవాడు లేడే ఐవీ" అంటూ నా మెడ పట్టుకుని వేలాడింది. నాకూ ఏడుపాగలేదు. కలిసిపోయాం రా! జవాబు కట్టవే అని బతిమాలితే, "ఆ బంగారుతండ్రినా? నా కూతురు పెళ్ళిలో వాడి పాటకే గదా ఎగిరాను" అంటోంది.

సంతోషమూ దుఃఖమూ పడుతున్న,
అమ్మమ్మ

తా.క. నీకోసం కేకు పంపింది. ఈసారి దవడలకి భయం లేదు, రమ్ములో బాగా నానబెట్టింది.

సర్రీ, మార్చి 22

అమ్మమ్మా, బతికిపోయాను! చచ్చిపోయాను కూడా!

నిన్న జవాబు వచ్చింది! ఊదారంగు ఊలు ముసుగు వేసుకుని ఎవరో. వెనక ఇరవై ముసుగులు, కొందరి చేతుల్లో కర్రలు. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నేను స్నానాల తొట్టిలో నీళ్ళు పోయే కన్నానికి భయపడ్డానట. పావురం తరిమితే పోలీసు స్టేషన్లో దూరానట. ఊరంతా నవ్వుతోంది. రేడియోవాళ్ళు శుక్రవారం రమ్మన్నారు. ఆల్బమ్ నిలబడింది! కానీ అమ్మమ్మా, ఇవన్నీ వాళ్ళకెలా తెలుసు? ఇక పెక్కమ్‌లో అడుగు పెడితే ఒట్టు.

గెలిచి ఓడిన,
కార్విన్

తా.క. ఆ కర్రల చివర రబ్బరు ముక్కలున్నాయి. చప్పుడు రాకుండా కొట్టడానికేమో!

పెక్కమ్, మార్చి 24

ఒరేయ్ పిరికి సన్నాసీ,

ఊపిరి పీల్చుకో. ఆ ముసుగులో ఉన్నది నేనే.

పేటంతా తిరిగి అడిగాను. నిన్ను ఒక్క మాటనడానికి ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు. నీ ఆల్బమ్ మునిగిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? అందుకే నేనే నీ శత్రువునయ్యాను. వెనక నిలబడ్డది విన్సమ్, పాటల బృందం. నీ కోసమే మొదలుపెట్టాను నాయనా, ఒట్టు. కానీ ఆ దరువు పడగానే ఒళ్ళు నా మాట వింటేనా! ఇప్పుడు మెట్ల దగ్గర కుర్రాళ్ళు నాకు లేచి దారిస్తున్నారు. మీ కంపెనీవాళ్ళు నాకూ ఫోను చేశారు. శత్రువుల కంపెనీలో పాడనని పెట్టేశాను.

రెండో పాట సిద్ధంగా ఉంది. శుక్రవారం నువ్వు రేడియోలో కూర్చున్నప్పుడే వదులుతాను. అమ్మమ్మ కదా అని జాలిపడకు. నేను పడను.

ఇట్లు నీ శత్రువు,
ఐవీ

తా.క. ఆదివారం భోజనానికి రా, చేపలు వేయిస్తాను. భయపడకు, పెక్కమ్‌లో నిన్నెవరూ ముట్టుకోరు. ఈ ఊళ్ళో నీకున్న శత్రువుని నేనొక్కదాన్నే.