దుంపల కాదు, దుప్పల

నరసన్నపేట,
మంగళవారం.

చిరంజీవి శ్రావణికి అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ తాతయ్యా కులాసాగానే ఉన్నాం. ఆయన మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. నొప్పి తగ్గలేదు, మూలగడం తగ్గింది. నీ ఉత్తరంలో తొమ్మిది అక్షరదోషాలున్నాయి. ఎర్రసిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను.

ఆదివారం విశాఖలో ఉక్కు కర్మాగారం అమ్మవద్దని మీరు చేసే పాటల జాతర కరపత్రం కూడా దిద్దమన్నావు. పాటలు దిద్దాను. అరవై ఆరులో ఉక్కు ఉద్యమానికి మేం కట్టిన పాట ఇంకా మీ నోళ్లలో ఉందని రెండుసార్లు చదువుకున్నాను. కానీ కింద పాడేవాళ్ల పేర్లున్నాయి చూడు, ఇరవై రెండు, ఫోటోలతో సహా. అక్కడ చెయ్యి ఆగిపోయింది. పోలీసులకు కావలసిన జాబితా మీరే అచ్చేసి ఇస్తున్నారు. మూడు రోజులుగా వీధిలో మోటారుసైకిలు ఆగితే లేచి తలుపు గడియ వేస్తున్నాను.

"నువ్వు పాడటం ఎందుకు మానేశావు?" అని కూడా అడిగావు. గొంతు పోయిందని మీ అమ్మకు చెప్పాను. అది అబద్ధం.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. చీపురుపల్లిలో మా బృందానికి పుస్తకం రాసేదాన్ని. ఏ పాట, పల్లవి ఎవరు, వంత ఎవరు, జముకు వాయించేది ఎవరు, అన్నీ. మేం రైలు ఆపిన మర్నాడు పోలీసులు ఇంటికొచ్చి ఆ పుస్తకం పట్టుకున్నారు. ఎస్సై నా ముందే పేర్లు చదివాడు.

"జముకు, దుంపల గంగులు."

"దుంపల కాదండీ, దుప్పల," అన్నాను.

నన్నెవరూ అడగలేదు శ్రావణీ. తప్పు చదివితే ఊరుకోలేకపోయాను, అంతే. దుంపలవారి కోసం వెతుక్కుంటూ పోవలసినవాళ్లు తిన్నగా దుప్పలవారి వీధికి వెళ్లారు.

నాలుగు నెలల జైలు తర్వాత గంగులు సంతలో కనిపించాడు, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని.

"ఏటి పంతులమ్మా! నా ఇంటిపేరు సరిగ్గా సెప్పినావంట. మార్కులెన్నేసినారేటి?" అని నవ్వాడు.

తువ్వాలు జారింది. జముకు తీగ మీటే రెండు వేళ్లూ వంకరగా బిగుసుకుపోయి ఉన్నాయి.

నేను మళ్లీ పాడలేదు. ముప్పై ఏళ్లు బడిలో హాజరు పిలిచాను. గంగులు అనే పేరు వచ్చినప్పుడు తల ఎత్తేదాన్ని కాను.

నిన్ను వెళ్లవద్దని రాయబోయి నాలుగు కాగితాలు చింపాను. కరపత్రంలో రెండు ఇంటిపేర్లు తప్పుగా ఉన్నాయి. దిద్దలేదు, అలాగే ఉండనీ. వరుసలో మొదట ఒక పేరు తక్కువైంది. అది నేనే రాశాను, ఇంటిపేరుతో సహా, ఎవరూ తప్పు చదవకుండా పెద్ద అక్షరాలతో. ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. భయంగానే ఉంది. స్టాండు దగ్గర నా చెయ్యి పట్టుకో.

ఇట్లు,
నీకు వంత పాడబోయే అమ్మమ్మ,
సుభద్రమ్మ