ట్రయల్ బండి

దాచేపల్లి,
9-9-1986

ఖాతూన్,

నీకూ, నీ కడుపులో ఉన్న మన బిడ్డకూ సలాం. నేను బాగానే ఉన్నానని రాయాలి గానీ నీకు అబద్ధం రాయలేను. ఆ ఇశ్రాయేలును చూస్తే నాకు ఒళ్లు మండిపోతోంది.

వాడు మాచర్ల నుంచి మా షెడ్డులో పనికి వచ్చి ఆరు నెలలు కూడా నిండలేదు. నేను ఈ షెడ్డులో పదకొండేళ్లుగా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. బిగించాక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వినేది నేనే. షావుకారుని పక్కన కూచోబెట్టుకుని గురజాల రోడ్డులో ట్రయల్‌కి పోయేదీ నేనే. బ్రహ్మయ్య షావుకారు సంగతి నీకు తెలుసుగా. మిరపకాయల వ్యాపారం నుంచి లారీల్లోకి వచ్చిన మనిషి. ఇప్పటికీ ఇంజనాయిలు వేలితో తీసి వాసన చూసి, ఘాటు తగ్గిందంటాడు. అలాంటాయనకి ఇన్నేళ్లూ నేను ఎంత చెబితే అంత.

నాలుగు నెలల కిందట నేను బిగించిన బండి ఒకటి పిడుగురాళ్ల దగ్గర ఆగిపోయింది. అది డ్రైవర్ తప్పని వెయ్యిసార్లు చెప్పాను. అప్పటినుంచి ట్రయల్‌కి ఇశ్రాయేలే పోతున్నాడు. నేను ఇంజను కట్టడం, వాడు పెళ్లికొడుకులా ఎక్కి ఊరేగడం. షావుకారు వాడితో సొంత అల్లుడితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడతాడు. నాతో అయితే షెడ్డు రేకులు లేచిపోయేట్టు అరుస్తాడు. ఇద్దరూ గుసగుసలాడుకుంటారు. టీకి పోతూ నన్ను పిలవను కూడా పిలవరు. అడిగితే, పిలిచాం గదా అని వాడు నా మొహం మీదే బొంకుతాడు. నాకు టీ మీద ఆశ కాదు ఖాతూన్. కుళ్లు. దాచుకోవడమెందుకు, నాకు కుళ్లుగా ఉంది.

ఈ శుక్రవారం నమాజు అయ్యాక పని మానేస్తున్నానని చెప్పేస్తాను. నువ్వు పుట్టింట్లోనే ఉన్నావుగా, అక్కడి డ్యాం వర్క్‌షాపులో ఏదైనా ఖాళీ ఉందేమో మీ అబ్బాని కనుక్కోమను.

నీ
మొహిద్దీన్


దాచేపల్లి,
13-9-1986

ఖాతూన్,

మీ అబ్బాకి ఇంకా చెప్పకపోతే చెప్పొద్దు. చెప్పి ఉంటే, నీ మొగుడికి మతి లేదని చెప్పు.

నిన్న నమాజు నుంచి నేరుగా షెడ్డుకి పోయాను. పొద్దున నేను బిగించి, విని, బాగుందని వదిలిన ఇంజను మీద ఇశ్రాయేలు స్క్రూడ్రైవర్ పెట్టి మళ్లీ వింటున్నాడు. షావుకారు పక్కనే నిలబడి ఉన్నాడు. నాకు పట్టలేని కోపం వచ్చింది. వాడి చేతిలోది లాక్కుని, నా పనికి నువ్వు పరీక్ష పెడతావా అని ఎడం చెవికి ఆనించుకున్నాను. ఎప్పుడూ వినేది ఆ చెవితోనే, కుడి చేతిలో రెంచి ఉంటుంది కాబట్టి. ఇంజను మెత్తగా ఉంది. వినుకోరా అన్నాను.

వాడు నా చెయ్యి పట్టుకుని స్క్రూడ్రైవర్ని ఇటు తిప్పాడు. "ఆ చెవి కాదన్నా, ఈ చెవికి పెట్టుకో."

కుడి చెవికి పెట్టుకున్నాను. లోపల బేరింగు టకటకా కొట్టుకుంటోంది.

అక్కడే నేల మీద కూలబడ్డాను. పదకొండేళ్లు ఇంజన్ల పక్కన పెట్టిన చెవి ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. వాళ్లు గుసగుసలాడలేదు, మామూలుగానే మాట్లాడుకున్నారు. టీకి పిలిచారు. షావుకారు అరిచింది కోపంతో కాదు. పిడుగురాళ్ల బండి తర్వాత ఆయనకి అనుమానం వచ్చి, నేను విన్న ప్రతి బండినీ వాడితో మళ్లీ వినిపించాడు.

ముందే నాతో చెప్పొచ్చు కదా అన్నాను.

షావుకారు నా కుడి పక్కకొచ్చి కూచున్నాడు. "చెబితే నువ్వు పోతావయ్యా. వినేవోడు దొరికాడు గానీ, నీ మాదిరి బిగించేవోడు ఏడి?"

ఆ బేరింగు నిన్ననే విప్పి మార్చాను. ఇశ్రాయేలు విని సరేనన్నాక ముగ్గురం ట్రయల్‌కి పోయాం. స్టీరింగు వాడిదే. రెండు చెవులూ పనిచేసే వాణ్ని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంది.

ఒక్కటి అడుగుతాను, దాచకుండా రాయి. పెళ్లయిన కొత్తలో నువ్వు నా ఎడం పక్కన కూచుని అన్నం పెట్టేదానివి. ఏడాది కిందట కుడి పక్కకి మారావు. అటైతే గాలొస్తుందన్నావు. మన వంటింట్లో ఆ పక్క కిటికీయే లేదు.

నీకు ఎప్పటినుంచి తెలుసు?

నీ
మొహిద్దీన్