మందు పూయని సగం

చెల్లె ఎల్లమ్మా, నేను మీ అక్క వెంకమ్మను. అరవై దాటాయి. కారేపల్లి అడవి పక్క ఇంట్లో నేనూ కోడలూ ఉంటున్నాం. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద నుంచి నేను చెబుతుంటే నర్సు రాస్తోంది.

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. క్యాన్సరుకు రేడియేషన్ కరెంటు పెట్టిన చోట నీ తోలు ఊడి రవికకు అంటుకుపోయేది. ఇప్పుడు నా రొమ్ముకూ అదే కరెంటు. తోలు కాలకుండా కాపాడే మలాం ఒకటి పరీక్షిస్తున్నారు. డాక్టరమ్మ నా ఒంటి మీద అడ్డంగా గీత గీసింది.

"మలాం పై సగానికే పూయాలె అవ్వా. కింద ఏం పెట్టొద్దు."

సరేనన్నాను. కింద మండేసరికి నీ రవికే కళ్లముందుకొచ్చింది. దాచి తెచ్చుకున్న ఇప్పనూనె రాసుకున్నాను, రోజూ.

ఇవాళ డాక్టరమ్మ చూసి, "రెండు సగాలు ఒక్కతీరే ఉన్నయ్. మలాం పనిచేస్తలేదు" అంటూ రాయబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు బిడ్డా. కింద నేను ఇప్పనూనె పూసిన."

"ఎంత పని చేసినవ్! ఇగ నీ పేరు కొట్టెయ్యాలె."

"నా పేరు కొట్టెయ్. మలాం పేరు కొట్టెయ్యకు."

నా బదులు వేరే ఆమెను తీసుకుంటారట. కింద మండుతుందని, అయినా ఏమీ పూయొద్దని ఆమెకు నేనే చెబుతాను. ఎవరూ నాకు చెప్పలేదు మరి, ఎంత మండుతుందో.

వెంకమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: రాసిన నర్సు సుశీల, పక్క మంచం రంగమ్మ.