నా అంటే ఇందా

బుకిట్ బటోక్, సింగపూర్

పద్మక్కకు దండాలు. నువ్వు, బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. అక్షరాలు వంకర పోయాయని కంగారు పడకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. మూడు వారాలుగా వీడియో కాల్ ఎత్తనిది అందుకే. నువ్వు చూస్తే ఏడుస్తావు, నిన్ను ఊరుకోబెట్టడం నాకు రాదు. ఈ చెయ్యి వల్ల నా ఆట ఏమైందో ఇంకెవరో చెప్పేలోపు నేనే చెబుదామని రాస్తున్నాను. మళ్లీ చెబుతున్నా, బాగున్నాను.

ఇక్కడ రోజూ సాయంత్రం వాన. మెరిస్తే సైరన్ మోగుతుంది, గ్రౌండ్ ఖాళీ చేయాలి. దెబ్బ తగిలిన రోజు మెరుపు లేదు, ఉత్త వానే. ఆట అయిపోవడానికి ఐదు నిమిషాలుంది, మేం రెండు పాయింట్లు ముందున్నాం.

నా పని నీకు తెలుసు. రగ్బీలో పదిహేనో నంబరు, ఫుల్‌బ్యాక్. "గంత దూరం ఒక్కనివే నిలబడి ఏం చేస్తవ్‌రా, కావలి కాస్తవా?" అని నవ్వేదానివి. అవును, కావలే. అవతలివాళ్లు ఆకాశంలోకి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టాలి. నా వెనక ఇంకెవరూ ఉండరు. పట్టేవాడు ముందుగా "మైన్" అని అరిస్తే మిగతావాళ్లు తప్పుకుంటారు. ఇక్కడి హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే చోట, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టిపోతే ఇంకెవరూ అక్కడ కూర్చోరు. ఆ మాటా అంతే.

ఆ రోజు బంతి చాలా పైకి లేచింది. కళ్లలో వాన. నోట్లోంచి "మైన్" రాలేదు. నువ్వు లారీ మీద నిలబడి పుచ్చకాయలు విసురుతుంటే, కింద మేం పట్టుకుంటూ "నాది" అని అరిచేవాళ్లం కదా, తొందరలో "ది" మింగేసి "నా! నా!" అని. అదే వచ్చింది. పక్కనుంచి హఫీజ్ పరుగెత్తుకొచ్చి నాతోపాటే ఎగిరాడు. ఈ సీజన్లోనే మా జట్టులో చేరిన మలయ్ వాడు. వాడి మోకాలు నా భుజానికి తగిలింది. జారిన బంతిని అవతలివాళ్లు అందుకుని గీత దాటేశారు. ఓడిపోయాం. "ఇద్దరిదనుకున్న కాయ నేలపాలైతది" అని నాన్న ఊరికే తిట్టలేదు.

ఆ భుజానికి దెబ్బ తగలడం ఇది మూడోసారి. మంగళవారం డాక్టరమ్మ చూసి, ఇక చెయ్యి చెవి దాకా లేస్తుంది, అంతకు మించి లేవదంది. చెయ్యెత్తలేని ఫుల్‌బ్యాక్‌ను ఎవరుంచుకుంటారు? నేనైనా ఉంచుకోను. పదకొండేళ్ల ఆట అక్కడితో సరి. క్లబ్బువాళ్లు పిల్లలకు నేర్పే పని మాత్రం ఉంచారు. తిండికి ఢోకా లేదు.

హఫీజ్ మీద మాత్రం ఒళ్లు మండింది. నా చోటు మీద కన్నేశాడనుకున్నాను. కోచ్ వాడినే పదిహేనో నంబరులో నిలబెట్టేసరికి అనుమానం ఖాయమైంది. వాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

శుక్రవారం వాడే ఫ్లాట్‌కు వచ్చాడు. వాళ్లమ్మ కొబ్బరిపాలతో వండిన అన్నం, కోడికూర తెచ్చాడు. పొట్లం చేతికిస్తూ "నా" అన్నాడు.

"ఏమన్నావ్?"

"నా. తీసుకో అని. మా మలయ్‌లో అంతే బ్రో. ఆ రోజు నువ్వూ అదే అన్నావ్ కదా? బంతి నాకు వదిలేస్తున్నావనుకున్నా."

మన "ఇందా" అక్కా! నేను నాది అన్నాను, వాడికి ఇందా అని వినపడింది. నవ్వొచ్చింది. నవ్వితే భుజం కలుక్కుమంది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఆగలేదు. పాపం, వాడు నొప్పనుకుని మాత్రల కోసం వెతికాడు. మన మాటకు అర్థం చెబితే "అయ్యో" అని కూర్చుండిపోయాడు. ఆ "అయ్యో" మాత్రం ఇక్కడ కూడా అన్ని భాషలవాళ్లకూ ఒకటే.

వీలైతే మామిడికాయ తొక్కు పంపు, కారం తగ్గించకు. భుజం సంగతి అమ్మకు మెల్లగా నువ్వే చెప్పు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నిన్న మ్యాచ్‌కు వెళ్లి గీత బయట కూర్చున్నాను. పదిహేనో నంబరు హఫీజ్ వీపు మీద ఉంది. ఆఖర్లో బంతి ఆకాశంలోకి లేచింది. నా కాళ్లు వాటంతటవే లేచాయి, పట్టీలో ఉన్న చెయ్యి కూడా లేవబోయింది. నోరు ఊరుకోలేదు.

"నా!" అని అరిచాను. ఈసారి వాడి భాషలో.

పట్టాడక్కా.

నీ దీవెన కోరుతూ, ఎడమచేతి రాతతో,
నీ తమ్ముడు
శ్రీశైలం